తెరమీద అమెరికా, తరగతిలో అమెరికా

అమెరికా చదువు అనగానే మన ఇళ్లలో మాటలు ఒకే దారిన నడుస్తాయి. ఏ యూనివర్సిటీ, ఫీజు ఎంత, బ్యాంకు లోను ఎంత ఇస్తుంది, చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుందా, హెచ్‌వన్‌బీ వీసా లాటరీలో పేరు తగులుతుందా. అందులో తప్పేమీ లేదు. పొలమో ప్లాటో తాకట్టు పెట్టి పంపినవాళ్లు ఆ లెక్కలు వేసుకోక ఏం చేస్తారు? 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు మనం చైనాను కూడా దాటేశాం. అందులో తెలుగు పిల్లలు ఏపాటి ఉంటారో తెలియాలంటే ఆగస్టు నెలలో ఒక రాత్రి శంషాబాదు విమానాశ్రయంలో నిలబడితే చాలు.

అంతమందిలో ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, ఈ సెమిస్టర్లో సినిమా మీద ఒక కోర్సు తీసుకున్నాను" అన్నారనుకోండి. అవతలి నుంచి కాసేపు మాట రాదు. తరవాత వచ్చే ప్రశ్న మనందరికీ తెలిసిందే. "సినిమాలు చూడ్డానికి అమెరికా దాకా పోవాలా? ఇక్కడ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లు లేవా?"

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. మనకు సినిమా అంటే పని అయ్యాక చూసేది. పరీక్షలు అయ్యాక, పండగ పూట, కోతలు ముగిశాక. పైగా అది చదువుకు శత్రువని మనవాళ్ల గట్టి నమ్మకం. సినిమాలు చూసి చెడిపోయినవాడి కథ వీధికి ఒకటైనా ఉంటుంది. అలాంటి వ్యవహారాన్ని క్లాసులో పెట్టి, దానికి పరీక్ష పెట్టి, గ్రేడు కూడా ఇస్తారంటే ఎవరికైనా అనుమానమే వస్తుంది. అయితే ఆ చదువుకు అమెరికాలో నూరేళ్లు దాటాయి. అక్కడ దాన్ని ఎలా చెప్తారో, మన పిల్లలకు అది ఎందుకు పనికొస్తుందో ఇవాళ మీతో పంచుకుంటాను.

1915లోనే న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీలో సినిమాకు కథ రాయడం ఎలాగో పాఠం మొదలైంది. మరుసటి ఏడు హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పే హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అనే జర్మన్ ఆచార్యుడు మూకీ సినిమా మనసు మీద ఎలా పనిచేస్తుందో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. క్లోజప్ మన ధ్యాస చేసే పని చేస్తుంది, ఫ్లాష్‌బ్యాక్ మన జ్ఞాపకం చేసే పని చేస్తుంది అని అప్పుడే గుర్తించాడాయన. 1929లో లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఆస్కార్లు ఇచ్చే అకాడమీ చేతులు కలిపి సినిమా చదువు ప్రారంభించాయి. మన తెలుగు టాకీ అప్పటికింకా పుట్టనే లేదు.

ఆ యూనివర్సిటీకి మన దక్షిణాదితో ఒక చిత్రమైన చుట్టరికం ఉంది. అక్కడ చదువుకున్న మాణిక్‌లాల్ టాండన్ ఇండియాకు తిరిగొస్తూ క్లాసులో తనతో చదివిన ఒక అమెరికన్ కుర్రాణ్ణి కూడా రమ్మన్నాడు. ఆ కుర్రాడు ఒహాయో రాష్ట్రానికి చెందిన ఎల్లిస్ ఆర్. డంగన్. 1935లో వచ్చాడు. తమిళం ఒక్క ముక్క రాదు. అయినా మరుసటి ఏడే 'సతీ లీలావతి' తీశాడు. ఎం.జి. రామచంద్రన్ మొట్టమొదట తెరమీద కనబడ్డది అందులోనే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి నటించిన 'మీరా' తీసిందీ ఈయనే. దాని హిందీ ప్రతికి మన హైదరాబాదు సరోజినీ నాయుడు తెరమీదకొచ్చి పరిచయ వాక్యాలు పలికారు. సినిమా కోర్సు ఎందుకూ కొరగాదనేవాళ్లకు నేను మొదట చెప్పే ఉదాహరణ డంగన్.

సరే, క్లాసులో ఏం జరుగుతుంది? వారానికి ఒకసారి సినిమా వేస్తారు. లైట్లు ఆర్పి, ఫోన్లు మూయించి, మొదటి నుంచి చివరిదాకా. తరవాత లెక్చర్. ఆ తరవాత పది పదిహేను మందిని ఒక గుంపు చేసి చర్చ. కథ చెప్పినందుకు మార్కులు రావు, నటన బాగుందన్నందుకు అసలే రావు. రెండు మూడు నిమిషాల సన్నివేశం ఒకటి ఇచ్చి, షాటు తరవాత షాటు ఏముందో రాయమంటారు. కెమెరా ఎక్కడుంది, ఎవరు దగ్గరగా ఉన్నారు, ఎవరు దూరంగా ఉన్నారు, శబ్దం ఎక్కడ ఆగింది, ఎవరి ముఖం మనకు చూపించలేదు. మొదటిసారి రాసేటప్పుడు ప్రాణం విసుగెత్తిపోతుంది. పదిసార్లు వెనక్కి తిప్పి చూసినా ఏదో ఒకటి తప్పించుకుంటుంది.

ఈ క్లాసుల్లో ప్రతిచోటా చూపించే సినిమా 1941 నాటి 'సిటిజన్ కేన్'. తీసిన ఆర్సన్ వెల్స్‌కు అప్పటికి పాతికేళ్లు. కెమెరామన్ గ్రెగ్ టోలండ్. అందులో ఒక సన్నివేశం చెప్తాను. 1871వ సంవత్సరం, కొలరాడో. అంతా మంచు. ఒక పిల్లవాడు మంచుముద్దలు విసురుతూ ఆడుకుంటున్నాడు. కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఇంతసేపూ మనం ఇంట్లోంచి, కిటికీలోంచి చూస్తున్నామని అప్పుడు తెలుస్తుంది. కిటికీ దగ్గర తల్లి. ఆమె లోపలికి నడిచొచ్చి బల్ల ముందు కూర్చుంటుంది. పక్కన బ్యాంకు పెద్దమనిషి కాగితాలు పరిచాడు. వాళ్ల చేతికి అనుకోకుండా వచ్చిన గని సంపద, దానితోపాటు కొడుకు పెంపకం, రెండూ బ్యాంకు చేతిలో పెట్టే కాగితాలవి. తండ్రి నిలబడి ఒప్పుకోనంటున్నాడు. ఏడాదికి యాభై వేల డాలర్లు అన్న మాట చెవిన పడగానే చల్లబడతాడు. వెళ్లి కిటికీ మూసేస్తాడు. పిల్లవాడి కేకలు టక్కున ఆగిపోతాయి. తల్లి సంతకం పెట్టి, లేచి వెళ్లి, ఆ కిటికీ మళ్లీ తెరుస్తుంది.

ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపు పిల్లవాడు ఆ కిటికీ చట్రంలో, తెర మధ్యలో, వేలెడంత కనిపిస్తూనే ఉంటాడు. ముందున్న తల్లి చేతులూ స్పష్టంగానే ఉంటాయి, దూరాన ఉన్న పిల్లవాడూ స్పష్టంగానే ఉంటాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాడికే ఏమీ తెలియదు. ఇంతవరకూ ఎవరైనా పట్టుకుంటారు. అప్పుడు ప్రొఫెసర్ ఇంకో ప్రశ్న వేస్తాడు. ఆ పిల్లవాడు ఏం ఆట ఆడుతున్నాడు? వాడు అంతర్యుద్ధం ఆట ఆడుతున్నాడు. దేశం ఒక్కటిగా ఉండాలన్న ఉత్తరాది పక్షం తరఫున జేజేలు కొడుతున్నాడు. ఆ యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లే. దేశం విడిపోకూడదని వీడు బయట అరుస్తుంటే లోపల వీడి ఇల్లే విడిపోతోంది, అదీ డబ్బు మాటతో. సినిమా చదువు అక్కడ అమెరికా చదువైపోతుంది. అంతర్యుద్ధం సంగతి తెలియనివాడికి ఆ కేక వినబడదు. విన్నవాడు గ్రంథాలయానికి వెళ్లి చరిత్ర పుస్తకం తీస్తాడు.

మన 'మాయాబజార్' వెన్నెల గురించి, మార్కస్ బార్ట్‌లే కెమెరా గురించి మనం తరతరాలుగా మురిసిపోతున్నాం. మురిసిపోవాల్సిందే. కాని ఆ వెన్నెల షాటును గంటసేపు ఇలా విప్పి చూసే క్లాసు మన డిగ్రీ కాలేజీల్లో ఎన్నింట ఉంది? ఇది నా పాత బాధ. దాన్ని అలా ఉంచుదాం.

ఇక కౌబాయ్ సంగతి. అమెరికా అంటే ప్రపంచానికి ముందు గుర్తొచ్చేది గుర్రం మీద టోపీవాలా. 1893లో షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందస్వామి సర్వమత సభలో మాట్లాడింది ఆ సందర్భంలోనే అని మనకందరికీ తెలుసు. దానికి రెండు నెలల ముందు అదే షికాగోలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే యువ చరిత్రకారుడు ఒక వ్యాసం చదివాడు. పడమటికి జరుగుతూ, కొత్త నేల ఆక్రమిస్తూ పోవడం వల్లనే అమెరికన్ మనిషి తయారయ్యాడని, ఇప్పుడు ఆ ఖాళీ నేల అయిపోయిందని ఆయన వాదన. ఆ ప్రదర్శన పక్కనే డేరాలు వేసుకుని బఫెలో బిల్ అనే ఆయన కౌబాయ్‌లతో, ఆదివాసీలతో సర్కస్ లాంటి ప్రదర్శన ఇస్తున్నాడు. అంటే నిజం పడమర ముగిసిన రోజుల్లోనే ఆట పడమర మొదలైంది. పదేళ్లకు, 1903లో, ఎడ్విన్ పోర్టర్ పన్నెండు నిమిషాల 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ' తీశాడు. పడమటి బందిపోట్ల కథ. తీసింది మాత్రం తూర్పుతీరంలో, న్యూజెర్సీలో! ఇవాళ మన తెలుగువాళ్లు కిక్కిరిసి ఉంటున్న న్యూజెర్సీయే. అందులో బందిపోటు ఒకడు సూటిగా ప్రేక్షకుల మీదికి పిస్తోలు పేలుస్తాడు. ఆ షాటును సినిమా మొదట్లో వేసుకున్నా సరే, చివర్లో వేసుకున్నా సరే అని అప్పట్లో హాలువాళ్లకు స్వేచ్ఛ ఇచ్చారు.

క్లాసులో ఆ దారి 1956 నాటి 'ది సెర్చర్స్' దగ్గరికి తీసుకెళ్తుంది. జాన్ ఫోర్డ్ తీసిన సినిమా, జాన్ వేన్ కథానాయకుడు. కొమాంచి తెగవాళ్లు ఎత్తుకెళ్లిన తన సోదరుడి కూతురి కోసం ఏళ్ల తరబడి వెతుకుతాడు. ఎందుకు వెతుకుతున్నాడు? ఇంటికి తీసుకురావడానికా, వాళ్లలో కలిసిపోయింది కాబట్టి చంపేయడానికా? ఈ అనుమానం మీదే సినిమా నడుస్తుంది. కథ జరిగేది టెక్సస్‌లో. తీసింది ఎక్కడో ఉన్న మాన్యుమెంట్ వ్యాలీలో, నవాహో తెగవాళ్ల నేల మీద. కొమాంచిలుగా కనిపించేది నవాహోలు. వాళ్ల నాయకుడిగా వేసింది జర్మనీలో పుట్టిన తెల్లవాడు హెన్రీ బ్రాండన్. వీరుడి గుండెలోని జాతిద్వేషాన్ని బయటపెట్టిన సినిమా కూడా ఆదివాసీ ముఖానికి ముందు వరుసలో చోటివ్వలేదు. ఒకే సినిమాలో ఆ ధైర్యమూ ఆ గుడ్డితనమూ పక్కపక్కనే ఉన్నాయని చూపించడమే మంచి పంతులు పని.

నడుమ ఒక ముచ్చట. మన కౌబాయ్ ఎక్కణ్ణుంచి వచ్చాడు? 1971లో కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. దానికి స్ఫూర్తినిచ్చిన సినిమాల్లో ముఖ్యమైనవి ఇటలీవాడు సెర్జియో లియోనీ తీసినవి. ఆయన వాటిని ఎక్కువగా తీసింది స్పెయిన్ దేశపు ఎడారిలో. మనవాళ్లు తీసింది రాజస్థాన్ ఇసుకలో. అమెరికా పురాణం ఇటలీ, స్పెయిన్, రాజస్థాన్ మీదుగా ప్రయాణం చేసి చివరికి ఆరుద్ర తెలుగు మాట్లాడింది. దీని మీద అమెరికాలో ఒక తెలుగు విద్యార్థి టర్మ్ పేపర్ రాస్తే ఏ ప్రొఫెసరైనా కుర్చీలో ముందుకు జరిగి వింటాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా దృష్టిలో మన పిల్లలు ఈ కోర్సు తీసుకోవడానికి ఇదొక్కటే చాలు. అది నల్లజాతి అమెరికన్ల కథ.

1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీశాడు. సినిమా పనితనంలో ఆ కాలానికి శిఖరం లాంటిది. చెప్పిన కథ విషం. అంతర్యుద్ధం తరవాత స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లను దుర్మార్గులుగా, ముసుగులు తొడిగి వాళ్లను హింసించిన కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపించింది. ముఖ్యమైన నల్లవాళ్ల వేషాలు ముఖానికి మసి పూసుకున్న తెల్లవాళ్లు వేశారు. ఆ సినిమాను వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు వేసి చూపించారు. విల్సన్ రాజకీయాల్లోకి రాకముందు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఆచార్యుడు, ఆ తరవాత దానికే అధ్యక్షుడు. ఆయన రాసిన అమెరికా చరిత్ర గ్రంథం నుంచి వాక్యాలు తీసి గ్రిఫిత్ తన మూకీ సినిమా మధ్యలో వచ్చే అక్షరాల అట్టల మీద వేశాడు. ఒక ప్రొఫెసర్ పుస్తకం ఆ విషానికి ప్రమాణపత్రం అయింది. ఆ సంవత్సరమే జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద క్లాన్ మళ్లీ ప్రాణం పోసుకుంది. నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. ఊరూరా నిరసనలు చేసింది.

ఆ సినిమాను క్లాసులో చూపించాలా వద్దా అని అక్కడ ఇప్పటికీ వాదులాడుకుంటారు. చూపించాలనే నా అభిప్రాయం. కాకపోతే ఒంటరిగా చూపించకూడదు. దాని పక్కన చూపించాల్సింది ఆస్కార్ మిషో 1920లో తీసిన 'వితిన్ అవర్ గేట్స్'. మిషో బానిసలుగా పుట్టినవాళ్ల బిడ్డ. సౌత్ డకోటాలో సేద్యం చేశాడు, నవలలు రాసి ఇంటింటికీ తిరిగి తనే అమ్ముకున్నాడు, తరవాత సినిమాలు తీశాడు. గ్రిఫిత్ సినిమాలో నల్లవాడి నుంచి తెల్ల స్త్రీకి ఆపద. మిషో దాన్ని తిప్పి కొట్టాడు. ఇందులో ఒక తెల్ల భూస్వామి సోదరుడు నల్ల యువతి మీద పడతాడు, ఆమె ఒంటి మీది మచ్చ చూసి తన కూతురేనని తెలుసుకుని ఆగిపోతాడు. మూకగా పోగై మనుషుల్ని ఉరితీసే దృశ్యాలు కూడా ఉన్నాయి. షికాగోలో అంతకుముందు ఏడే జాతి అల్లర్లు జరిగాయి కాబట్టి సెన్సారువాళ్లు హడలిపోయారు. తరవాత ఆ సినిమా మాయమైంది. దశాబ్దాలపాటు ఎవరికీ కనబడలేదు. చివరికి ఒకే ఒక్క ప్రింటు 1970లలో స్పెయిన్‌లో దొరికింది, స్పానిష్ పేరుతో, స్పానిష్ అక్షరాలతో. ఆ అక్షరాలను తిరిగి ఇంగ్లీషులోకి మార్చి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1993లో దాన్ని బాగుచేసింది.

ఇంకొక్కటి. 'గాన్ విత్ ద విండ్'లో పనిమనిషి పాత్రకు హ్యాటీ మెక్‌డానియల్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. 1940లో ఆ ప్రదానం జరిగిన హోటల్లోకి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. నిర్మాత ప్రత్యేకంగా అడిగి అనుమతి తెచ్చాడు. మిగతా నటులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఆమెకు విడిగా గోడపక్కన ఒక చిన్న బల్ల వేశారు. అంటరానితనం ఎలా ఉంటుందో మన ఊళ్లలో చూసిన మనకు ఆ గోడపక్కన బల్ల సంగతి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఇదంతా మన పిల్లలకు ఎందుకంటారా? చదువుకుంటూ ఖర్చుల కోసం గ్యాస్ స్టేషన్‌లోనో చిన్న స్టోర్‌లోనో పనిచేసే తెలుగు కుర్రాడికి కౌంటర్ అవతల నిలబడ్డ నల్లజాతి మనిషి గురించి తెలిసింది ఏమిటి? సీనియర్లు చెప్పిన జాగ్రత్తలు, అంతే. ఏ వీధికి వెళ్లొద్దు, ఏ వేళ తలుపేసుకోవాలి. 1965లో అమెరికా వలస చట్టం మారింది కాబట్టి మనవాళ్లకు ఆ దేశపు తలుపు తెరుచుకుంది. నల్లవాళ్లు రోడ్ల మీదకొచ్చి, దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి నడిపిన పౌరహక్కుల ఉద్యమం దేశం మనసును కదిలించిన కాలం అది. వాళ్ల ఓటుహక్కు చట్టం, మన వలస చట్టం, రెండూ ఆ ఒక్క ఏడాదే వచ్చాయి. వాళ్లకు మనం బాకీపడ్డ సంగతి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో రాసి ఉండదు. ఇలాంటి కోర్సులో తెలుస్తుంది.

నేనిష్టంగా చెప్పుకునే సినిమా ఒకటుంది, 'కిల్లర్ ఆఫ్ షీప్'. చార్లెస్ బర్నెట్ అనే నల్లజాతి విద్యార్థి లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఏ.లో తన డిగ్రీ కోసం తీసిన సినిమా. శని ఆదివారాల్లో, తను పెరిగిన వాట్స్ పేటలో, చాలావరకు ఇరుగుపొరుగువాళ్లనే నటులుగా పెట్టి, పదివేల డాలర్ల లోపు ఖర్చుతో తీశాడు. 1977లో పూర్తయింది. కథానాయకుడు స్టాన్ కబేళాలో కూలి. ఒకచోట అతనూ స్నేహితుడూ చేతిలో ఉన్న కాస్త డబ్బు పెట్టి పాత కారు ఇంజన్ ఒకటి కొంటారు. ఇద్దరూ రొప్పుకుంటూ, ఆగుతూ, తిట్టుకుంటూ దాన్ని మెట్లమీద నుంచి కిందికి మోస్తారు. ట్రక్కు వెనక అంచున పెడతారు. ఇంకాస్త లోపలికి తోద్దామంటాడొకడు, చాల్లే అంటాడు ఇంకొకడు. బండి కదులుతుంది. ఇంజన్ దబ్బున రోడ్డు మీద పడి పాడైపోతుంది. దిగి చూసి, వదిలేసి వెళ్లిపోతారు. ఏ సంగీతమూ లేదు, ఏడుపూ లేదు. పేదరికం మీద ఎన్ని ఉపన్యాసాలు ఈ రెండు నిమిషాలకు సాటి వస్తాయో మీరే చూసి చెప్పండి. అందులో వాడిన పాటలకు హక్కుల డబ్బు కట్టలేక ఆ సినిమా ముప్పై ఏళ్లు హాళ్లలోకి రాలేదు. 2007లో వచ్చింది.

బర్నెట్‌తోపాటు యు.సి.ఎల్.ఏ.లో చదివినవాళ్లలో ఇథియోపియా నుంచి వచ్చిన హైలే గెరిమా ఒకడు. ఆయన తరవాత వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో చేరి దశాబ్దాలపాటు సినిమా పాఠం చెప్పాడు. హోవర్డ్ 1867లో, బానిసత్వం పోయిన కొత్తలో, నల్లవాళ్ల చదువుకోసం పెట్టిన విశ్వవిద్యాలయం. మన శేఖర్ కమ్ముల ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, ఆ తరవాత సినిమా నేర్చుకున్నది ఈ హోవర్డ్‌లోనే. తిరిగొచ్చి 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీశాడు. అమెరికా వెళ్లాలా వద్దా అని కొట్టుమిట్టాడే హైదరాబాదు కుర్రాళ్ల కథ. కొత్త దర్శకుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. పెద్ద హీరో, పెద్ద ఫైటు లేకుండా మామూలు మనుషుల మధ్య కెమెరా పెట్టడం అతనికి ఎక్కడ అలవడిందో నేను చెప్పలేను గాని, బర్నెట్ సినిమా చూసినవాళ్లకు ఆ తీరు కొత్తగా అనిపించదు.

సెన్సారు గురించి రెండు ముక్కలు. 1915లో అమెరికా సుప్రీంకోర్టు సినిమా ఒక వ్యాపారం మాత్రమే, దానికి వాక్‌స్వాతంత్ర్యం వర్తించదంది. 1934 నుంచి హాలీవుడ్ తన మీద తనే ఒక నియమావళి గట్టిగా రుద్దుకుంది. తెరమీద ముద్దు ఎంతవరకు, నేరానికి శిక్ష ఎలా పడాలి, అన్నీ అందులోనే. 1952లో సుప్రీంకోర్టు మనసు మార్చుకుని సినిమాకూ వాక్‌స్వాతంత్ర్యం ఉందంది. 1968కి ఆ నియమావళి పోయి రేటింగులు వచ్చాయి. మన సినిమాటోగ్రాఫ్ చట్టం కూడా 1952దే. ముందస్తు సెన్సారు సబబేనని మన సుప్రీంకోర్టు 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో చెప్పింది. రెండు ప్రజాస్వామ్యాలు రెండు దారులు పట్టాయి. ఏది మేలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది గాని ఆకాశవాణి నాకిచ్చిన సమయం దానికి చాలదు.

అమెరికాను చదవడానికి అమెరికాకే వెళ్లనక్కర్లేదు. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా బయట ఆ విషయాల మీద అంత పెద్ద గ్రంథాలయం అరుదు. దేశం నలుమూలల నుంచి పరిశోధక విద్యార్థులు సికింద్రాబాదు రైలు దిగి అక్కడికి వచ్చేవాళ్లు. ఇప్పుడు పేరు మారి ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయింది. మా తరం ఎం.ఏ. ఇంగ్లీషు వాళ్లం అమెరికాను పుస్తకాల్లోనే చూశాం. హాథార్న్, మెల్విల్, ఫాక్నర్, ఆర్థర్ మిల్లర్. సినిమా మా సిలబస్‌లో లేదు. ఇవాళ్టి విద్యార్థికి ఆ ఇబ్బంది లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత సినిమాలు ఎన్నో ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది. 1989 నుంచి ఏటా 25 సినిమాలు ఎంచి జాతీయ జాబితాలో చేరుస్తున్నారు. పదేళ్లు దాటిన సినిమా అయితే చాలు, ప్రాముఖ్యం ఉంటే తీసుకుంటారు. 'సిటిజన్ కేన్', 'ది సెర్చర్స్' మొదటి ఏడాదే చేరాయి, 'కిల్లర్ ఆఫ్ షీప్' మరుసటి ఏడు. ఆ జాబితా ముందు పెట్టుకుంటే ఇంట్లోనే సగం కోర్సు అవుతుంది.

అక్కడ డిగ్రీ చదివే పిల్లలైతే ఇంజనీరింగ్ అయినా సరే కొన్ని హ్యుమానిటీస్ కోర్సులు ఎలాగూ తీసుకోక తప్పదు. సులువుగా మార్కులు పడేది ఏదని వెతక్కుండా ఇలాంటిది ఒకటి తీసుకోమని చెప్పండి. ఎం.ఎస్. పిల్లలకు క్రెడిట్లు కుదరకపోవచ్చు. ప్రొఫెసర్‌కు ఒక ఈమెయిల్ రాసి వెనక కూర్చుని వింటానంటే చాలామంది రానిస్తారు. ఇరవై ఏళ్లు అక్కడే ఉండి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని కని, ఆ దేశం గురించి స్టాక్ మార్కెట్టు తప్ప ఏమీ తెలియనివాళ్లు మనలో ఉన్నారు. అది వాళ్లకూ మంచిది కాదు, మనకూ గౌరవం కాదు.

చివరగా ఒక మనవి. చదవాలంటే ముందు మిగలాలి. అమెరికాలో మూకీ కాలంలో వచ్చిన పెద్ద సినిమాలు దాదాపు పదకొండు వేలు. వాటిలో అప్పుడు విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి పద్నాలుగు. ఇంకా పాతవి కొన్ని బతికింది ఒక విచిత్రమైన కారణం వల్ల. 1912 దాకా అక్కడ సినిమాకు కాపీరైటు లేదు, ఫొటోకు ఉంది. కాబట్టి నిర్మాతలు సినిమా మొత్తాన్ని, బొమ్మ తరవాత బొమ్మ, పొడుగాటి కాగితపు చుట్ట మీద ముద్రించి ప్రభుత్వానికి దాఖలు చేసేవారు. అసలు రీళ్లు తగలబడ్డాయి, కుళ్లిపోయాయి. కాగితాలు మిగిలాయి. మూడువేల పైచిలుకు సినిమాలు ఆ కాగితాల నుంచే తిరిగి తెరకెక్కాయి.

మనకు ఆ అదృష్టం కూడా లేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. రేపు ఏ యూనివర్సిటీలోనైనా తెలుగు సినిమా పాఠం పెడితే దేన్ని చూపించాలి? అందుకని ఈ మాట వింటున్నవాళ్లలో పాత థియేటర్ల యజమానులు, ప్రొజెక్టర్ ఆపరేటర్లు, డిస్ట్రిబ్యూటర్ల కుటుంబాలవాళ్లు ఉంటే ఒక విన్నపం. అటక మీద తుప్పుపట్టిన డబ్బాలో రీలు ఉన్నా, పెట్టె అడుగున పాత పాటల పుస్తకం, వాల్‌పోస్టర్, స్టిల్ ఫొటో ఏదున్నా తూకానికి అమ్మకండి. పుణేలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. వాళ్లకు ఉత్తరం రాయండి. అది దూరమనుకుంటే మీ దగ్గరి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి తీసుకెళ్లి ఇచ్చి, రసీదు తీసుకోండి.